ఆగ్నేయం కిటికీలో రేడియో

రోజారమణి ఇంట్లో రేడియో ఉండేది వంటింట్లో. ముందుగదిలో దర్జాగా పెట్టుకోవాల్సిన వస్తువుని తీసుకొచ్చి పొయ్యి పక్కన పెట్టుకుందేమిటని చూసినవాళ్ళంతా అడిగేవారు. తప్పు ఆమెది కాదు. అది మామూలు రేడియో కాదు. ఆకాశంలో ఎక్కడో ఉన్న ఉపగ్రహం నుంచి నేరుగా పాటలు దింపుకునే శాటిలైట్ రేడియో. దానికి అరచేతి వెడల్పున పలక లాంటి యాంటెన్నా ఒకటి ఉంటుంది. ఆ పలక ఆగ్నేయం వైపు ఆకాశాన్ని చూస్తూ ఉండాలి. మధ్యలో గోడ గానీ చెట్టు గానీ అడ్డం రాకూడదు. గాజువాకలో వాస్తు చూసి కట్టిన ఏ ఇంట్లోనైనా ఆగ్నేయం మూల ఉండేది వంటిల్లే కదా. పాపం, ఆ వాస్తు రాసిన మహానుభావుడికి ఉపగ్రహం సంగతి తెలియదు. అందుకని పాటలన్నీ పోపు ఘాటు అంటించుకుని ఇంట్లోకి వచ్చేవి.

దాంతోపాటే ఇంకో చిన్న సెట్టు ఇచ్చారు. పెద్ద సెట్టు కిటికీ దగ్గరే కదలకుండా కూర్చుంటుంది. అందులో వచ్చేదంతా తీగ లేకుండానే ఈ చిన్న సెట్టులోకి వస్తుంది. సబ్బుపెట్టె అంత ఉంటుంది, నడుముకి దోపుకుని ఇల్లంతా తిరగొచ్చు. తెచ్చిన వారంలోనే అది ఎక్కడిదాకా పలుకుతుందో రమణి కొలిచేసింది. ముందుగదిలో బాగా వస్తుంది. డాబా మీద బట్టలారేసే తీగ దాకా వస్తుంది. మెట్లు దిగుతుంటే గరగర మొదలై, ఆఖరి మెట్టు దగ్గర మూగబోతుంది. ఇక గేటు అవతల ఏమీ లేదు. రానురాను రమణి కూడా అవసరమైతే తప్ప ఆ మెట్లు దిగడం మానేసింది. కూరలబండివాడికి పైనుంచే బుట్ట దించేది.

రమణికి నలభై ఏళ్ళు. చీరలకి ఫాల్స్ కుట్టడం, పికో చెయ్యడం ఆమె పని. పిల్లలు కలగలేదు. భర్త ఉమామహేష్ ఓడలో ఫిట్టరు. స్వయానా మేనత్త కొడుకు, చిన్నప్పటి నుంచీ బావే. పెళ్ళయ్యాక కూడా ఆ పిలుపు మారలేదు. షిప్‌యార్డులో వెల్డింగు నేర్చుకుని ఓడెక్కినవాడు మళ్ళీ ఒడ్డున స్థిరపడలేదు. తొమ్మిది నెలలు సముద్రం మీద, రెండు మూడు నెలలు ఇంట్లో. పెళ్ళయి పదహారేళ్ళు. ఇద్దరూ ఒక కప్పు కింద ఉన్న రోజులన్నీ కలిపితే నాలుగేళ్ళు కూడా కాదని ఒకసారి చీర అంచు కుడుతూ లెక్క కట్టి, ఎందుకు కట్టానురా భగవంతుడా అనుకుంది.

ఉమామహేష్ మాటల మనిషి కాదు. అలాంటివాడు రెండు వేల ఎనిమిది సంక్రాంతి వెళ్ళాక, ఓడెక్కే ముందు ఒక పని చేశాడు. గాజువాక జంక్షన్లో గురువులు గారి రేడియోల కొట్టుకి వెళ్ళి, ఒకటి కాదు, రెండు శాటిలైట్ రేడియోలు కొన్నాడు. ఒకటి ఇంటికి, ఒకటి తనతో తీసుకెళ్ళడానికి.

"సముద్రం మీద కూడా ఇదే స్టేషన్ వత్తాదంట రమణీ. తెలుగుదే. సాయంత్రం ఆరున్నరకి సీరియల్ ఉంది సూడు, అది నువ్వూ ఇను, నానూ ఇంటాను," అన్నాడు.

"ఒక్కసారేనా?" అంది రమణి.

"ఒక్కసారే. నీకినపడ్డప్పుడే నాకూ ఇనపడతాది."

పదహారేళ్ళలో ఆయన ఆమెకి ఇచ్చినవాటిలో ఇంత గొప్పది ఇంకోటి లేదు. ఆ మాట ఆమె ఆయనతో అనలేదు. అంటే సిగ్గుపడి రేడియో వెనక్కిచ్చేసే రకం.

అప్పటినుంచి సాయంత్రం ఆరున్నర అంటే రమణికి పూజవేళ. ఆరింటికల్లా కుట్టుమిషను ఆపేసేది, మిషను మోటారు తిరిగితే చిన్న సెట్టులో గొణుగుడు వస్తుంది కాబట్టి. ముఖం కడుక్కుని, జడ వేసుకుని, డాబా మీద స్టూలు వేసుకుని కూర్చునేది. ఎదురుగా యారాడ కొండ, ఇటు స్టీల్‌ప్లాంటు పొగగొట్టాలు. సీరియల్ సుభద్ర అనే ఆవిడ కథ. రైల్వేస్టేషన్ ఎదుట టిఫిన్ హోటల్ నడుపుకుంటూ, అలిగి ఊరొదిలి వెళ్ళిపోయిన తమ్ముడు గోపాలం కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. నవ్వొచ్చే చోట రమణి నవ్వేది. ఇప్పుడు బావ కూడా నవ్వుతుంటాడు అనుకునేది. ఆ అనుకోవడంలోనే సగం సుఖం.

కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు కుసుమకుమారి గారు ఊరుకునే మనిషి కాదు.

"ఏటే రమణీ, మొగుడొచ్చినప్పుడు కూడా ఇంత ముస్తాబు సూళ్ళేదు. నువ్వు కాపరం సేత్తన్నది ఆడితోనా, రేడియోతోనా?"

"ఇద్దరూ ఒకటే అత్తా," అనేసేది రమణి.

ఆదివారం మధ్యాహ్నాలు ఆయన ఫోన్ చేసేవాడు. ఓడ మీద శాటిలైట్ ఫోనుకి కార్డులుంటాయి. కార్డులో ఉన్న నిమిషాలు అయిపోతే మాట మధ్యలోనే తెగిపోతుంది. ఇటునుంచి చేద్దామంటే కుదరదు. ఫోనులో మాట్లాడేది అంతా రమణే. ఆ వారం సుభద్రకి ఏమైంది, హోటల్లో ఎవరు గొడవపడ్డారు, అన్నీ మళ్ళీ వరసగా చెప్పేది. "బావుంది కదా బావా?" అంటే "బావుంది" అనేవాడు. "ఆ ముసలాయన ఎంత మాటన్నాడు సూడు!" అంటే "అవును, అలా అనకుండా ఉండాల్సింది" అనేవాడు. ఇద్దరూ కలిసి సినిమాకెళ్ళి ఇంటికొస్తూ చెప్పుకున్నట్టే ఉండేది ఆమెకి.

మార్చిలో ఓడ దారి మార్చింది. సింగపూర్ వైపు తిరిగేది కాస్తా బ్రెజిల్‌కీ, అక్కడినుంచి హాలెండ్‌కీ తిరగడం మొదలుపెట్టింది. "మరి అక్కడ మన సాయంత్రం ఆరున్నరంటే ఎంతవుతాది బావా?" అని అడిగింది రమణి. "పొద్దున్న పది. మాకు అప్పుడే టీ టైము. పరవానేదు, ఇంటాను," అన్నాడు. ఉపగ్రహం అంటే ఆకాశంలో ఉండేది. చందమామ ఇక్కడా కనిపిస్తుంది, అక్కడా కనిపిస్తుంది. ఇందులో అనుమానపడాల్సింది ఏముంది?

సెప్టెంబరులో ఒక బుధవారం పక్కింటివాళ్ళు డాబా మీద పెద్ద నీళ్ళ ట్యాంకు ఎత్తించారు. నల్లటి ట్యాంకు, ఇనప స్టాండు మీద సరిగ్గా రమణి వంటింటి కిటికీకి ఆగ్నేయాన వచ్చి కూర్చుంది. రేడియో కిక్కురుమనలేదు. పలకని అటు తిప్పింది, ఇటు తిప్పింది, కిటికీ ఊచకి కట్టింది, పప్పుడబ్బా మీద నిలబెట్టింది. లాభం లేకపోయింది. అంతకుముందురోజే సీరియల్‌ని మహా గొప్ప చోట ఆపారు. జోరున వాన. సుభద్ర హోటల్ తలుపు మూసేసింది. ఎవరో తలుపు కొట్టారు. అయిపోయింది, మిగతాది రేపు.

గురువులు గారు పొడుగాటి వైరు తెప్పించి, పలకని డాబా మీదకి ఎక్కిస్తానన్నారు గానీ సోమవారం దాకా కుదరదన్నారు. శని, ఆదివారాలు ఎలాగూ సీరియల్ ఉండదు. బుధ, గురు, శుక్ర, మూడు భాగాలు పోయాయి. ఆ మూడు సాయంత్రాలూ రమణి ఇంట్లో ఏ గదిలో ఎక్కడ కూర్చోవాలో తెలియక తిరిగింది. అంత నిశ్శబ్దం ఆ ఇంట్లో ఉందని అంతకుముందు ఆమెకి తెలియదు. పైకి గట్టిగా ఏదో ఒకటి అనుకోవాలనిపించి, ఏమనుకోవాలో తోచక ఊరుకుంది.

ఆదివారం ఫోన్ రాగానే ముందు అదే అడిగింది.

"బావా, బుధారం నుంచి నాకు రేడియో రావట్లేదు. ట్యాంకు అడ్డమొచ్చీసింది. తలుపు కొట్టింది ఎవులు? ఏటయింది? అంతా సెప్పు, ఒక్క ముక్క వదలకు."

అవతల గాలి హోరులో ఆయన రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"గోపాలమే," అన్నాడు ఉమామహేష్.

"అమ్మయ్య! వచ్చీసినాడా? సుభద్ర ఏటంది?"

"ఏటంటాది. ముందు గుర్తుపట్టనేదు. గెడ్డం పెరిగిపోనాది కదా. ఎవులు కావాలని అడిగింది. ఆడు పేరు సెప్పాడు. అప్పుడు లోపలికి రమ్మంది. కంచం ముందెట్టింది. ఆడు కలుపుకున్నాడు గానీ తిన్నేకపోనాడు. కారం తినడం మర్సిపోనాడు."

"అయ్యో."

"పడుకుంటే నిద్దర పట్టనేదు. నేల కదల్డం నేదు కదా. ఇంజను సప్పుడు నేదు కదా."

"నేల కదలకపోడం ఏటి? ఆడేటైనా రైల్లో పని సేసినాడా?"

"ఆ... మిల్లులో. పెద్ద మిషన్లుంటాయి మిల్లులో," అని సర్దుకుని మళ్ళీ అందుకున్నాడు. "ఇంటికొచ్చినాడే గానీ ఇంట్లో ఏది ఎక్కడుంటాదో ఆడికి తెలీదు రమణీ. మంచినీళ్ళ గ్లాసు కూడా ఆళ్ళక్కని అడిగి తీసుకోవాలి. అదేటో సుట్టమొచ్చినట్టు ఉంది ఆడికి."

కార్డు అయిపోయేదాకా ఆయనే చెప్పాడు. పదహారేళ్ళలో ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం రమణి ఎరగదు. ఆ పూటంతా ఆమెకి కాళ్ళు నేల మీద ఆనలేదు. గోపాలం వచ్చేశాడని కింద కుసుమకుమారి గారికి కూడా చెప్పి వచ్చింది. ఆవిడ ఎవరే ఆ గోపాలం అంటున్నా వినిపించుకోలేదు.

సోమవారం పలక డాబా మీదకి ఎక్కింది. ఆరున్నరకి రమణి చెవి దగ్గర సెట్టు పెట్టుకుని కూర్చుంది. సుభద్ర ఇడ్లీపిండి రుబ్బుతూ ఏడుస్తోంది. తమ్ముడి జాడ ఇంకా తెలియలేదట. ఆ వానలో తలుపు కొట్టినవాడు దారి తప్పిన బాటసారి అట, టీ తాగి వెళ్ళిపోయాడట.

రమణి సెట్టుని చేతిలోకి తీసుకుని దానివైపే చూస్తూ ఉండిపోయింది. అక్కడివాళ్ళకి వేరే కథ వేస్తారేమో అనుకుంది. మనసు ఒప్పుకోకపోతే మనిషి ఎంతటి పిచ్చి కారణాన్నయినా వెతుక్కుంటాడు. మర్నాడు పొద్దున్నే మెట్లు దిగి, ఆటో ఎక్కి, గురువులు గారి కొట్టుకి వెళ్ళింది.

"బ్రెజిల్లోనా?" అని నవ్వేశారు గురువులు గారు. "అక్కడికెందుకొత్తాదమ్మా! టార్చిలైటు ఏత్తే ఎలుగు ఎంతమేర పడతాది? అంతే. ఈ ఉపగ్రహం ఎలుగు మన వైపే. సింగపూర్ దాకా అయితే డోకా నేదు. ఆఫ్రికా అవతలకి ఎళ్ళిపోతే అది వట్టి డబ్బా."

అంటే మార్చి నుంచి. ఏప్రిల్, మే, జూన్, జూలై, ఆగస్టు. ఆటోలో తిరిగి వస్తూ రమణి వేళ్ళు ముడిచింది. ఆరు నెలలుగా ఆ స్టూలు మీద కూర్చుని నవ్వింది తను ఒక్కతే. జడ వేసుకున్నది ఎవరి కోసం? ఒళ్ళు మండిపోయింది ఆమెకి. సిగ్గేసింది కూడా, చీకట్లో ఎవరూ లేని గదిలో చేతులూపుతూ మాట్లాడి, దీపం వెలిగాక తెలుసుకున్నదానిలాగా. వట్టి అబద్ధాలకోరు. బావుందట! ముసలాయన అలా అనకుండా ఉండాల్సిందట! ఈ ఆదివారం ఫోను రానీ, చెప్తాను. ఏమేమి అనాలో దారి పొడుగునా వరసగా పేర్చుకుంది.

ఇంటికొచ్చాక గొంతు ఎండిపోయి, మంచినీళ్ళు తాగుదామని పైఅర మీద గ్లాసు అందుకుంది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. కిందటి డిసెంబరులో బావ ఇంటికొచ్చిన రోజు ఇదే వంటింట్లో నిలబడి, "రమణీ, గ్లాసులెక్కడ ఎట్టినావు?" అని అడిగాడు. తను పకపకా నవ్వింది. "నీ ఇంట్లో గ్లాసెక్కడుందో తెలీదేటి, సుట్టానివేటి నువ్వు?" అంది. ఆయన కూడా నవ్వాడు. నవ్వాడనే ఇన్నాళ్ళూ అనుకుంది.

గోపాలం ఎవరో అప్పుడు తెలిసింది రమణికి. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. కోపం పోయిందని చెప్పలేం, సగం మిగిలే ఉంది. కానీ ఇన్నేళ్ళూ ఒంటరితనం ఇంట్లో మిగిలిపోయినదాని సొత్తు అనుకుంది ఆమె. ఓడెక్కినవాడికేం, లోకమంతా తిరుగుతాడు అనుకుంది. ఇరవై మంది ఉన్న ఆ ఓడలో తెలుగు మాట్లాడేవాడు ఆయన తప్ప ఇంకొకడు లేడన్న సంగతి ఆమెకి ఎప్పుడూ తెలుసు. తెలిసిన సంగతి గురించి ఎవరు మాత్రం ఆలోచిస్తారు?

ఆ సాయంత్రం ఆరున్నరకి ఆమె రేడియో పెట్టలేదు. మర్నాడూ పెట్టలేదు. వారం మొత్తం పెట్టలేదు. ఆ వేళకి డాబా మీద స్టూలు వేసుకుని వట్టినే కూర్చునేది. సుభద్ర ఏమైపోయిందోనని ప్రాణం కొట్టుకునేది. అయినా మీట నొక్కలేదు. తరవాత ఏమైందని ఆదివారం బావని అబద్ధం ఆడకుండా అడగాలంటే తను నిజంగానే వినకుండా ఉండాలి.

ఆదివారం రెండింటికి ఫోన్ మోగింది. కార్డులో నిమిషాలు ఎక్కువ లేవని ముందే చెప్పాడు.

"ఇన్నావా ఈ వారం?" అన్నాడు.

"నేదు. నువ్వే సెప్పు బావా. గోపాలం ఏటయినాడు?"

"ఇంకా బాగవనేదా రేడియో?"

"బాగయింది. నానే ఎట్టలేదు."

నిమిషాలు అలా ఊరికే కారిపోతున్నా ఇద్దరూ ఊరుకున్నారు.

"తెలిసిపోనాదా?" అన్నాడు చివరికి.

"తెలిసిపోనాది."

"మరి సీరియల్లో గోపాలం రాలేదని కూడా తెలిసే ఉంటాది. ఇంకా ఏటి సెప్పమంటావ్?"

"సీరియల్లోది నాకొద్దు. నువ్వు సెప్పినోడు. ఆడు తిన్నేకపోనాడు, పడుకోనేకపోనాడు. తరవాత ఏటయింది?"

కథ చెప్పేవాడికి అవతలినుంచి ఎవరో ఒకరు ఊ కొడుతూ ఉండాలి. లేకపోతే ముందుకి సాగదు. ఆరు నెలలపాటు ఆ ఊ ఆయనే కొట్టాడు, ఏమీ వినకుండానే, ఆమె చెప్పుకుపోతుంటే. ఇప్పుడు రమణి కొట్టింది.

"ఊ."

"ఆడు... ఆళ్ళక్కని ఒక మాట అడుగుదామనుకుంటన్నాడు. అడగనేకపోతన్నాడు."

"ఊ."

"మళ్ళీ ఎళ్ళాలని నేదు ఆడికి. సాలనిపిత్తంది. ఇక్కడే ఏదో వెల్డింగు పని సూసుకుందారని ఉంది."

"ఊ," అంది రమణి. కళ్ళు తుడుచుకోలేదు, ఫోను చెయ్యి మారితే ఒక మాట జారిపోతుందేమోనని.

"గానీ ఆవిడ ఇల్లు ఆవిడ సక్కబెట్టుకుంది. హోటలుంది, పనుంది. ఆడు లేకుండానే అన్నీ జరిగిపోతన్నాయి. ఇప్పుడెళ్ళి మజ్జిలో కూకుంటే... రోజూ... ఆవిడకి అడ్డమేమోనని. ఆడి బయ్యం అదీ."

"అడ్డం కాదు బావా," అంది రమణి. ఇంకాస్త గట్టిగా మళ్ళీ అంది. "అడ్డం కాదు. వచ్చీ. ఈ పాలి వచ్చీసి మరెళ్ళకు."

ఫోనులో హోరు లేదు. ఏ చప్పుడూ లేదు.

"ఇంటన్నావా?" అంది. "బావా, ఇంటన్నావా?"

ఎప్పుడు తెగిందో తెలియలేదు. మొదటిసారి అడ్డం కాదు అన్నదైనా ఆయనకి చేరిందో లేదో తెలియలేదు. తెగిందని తెలిశాక కూడా అదే మాట ఇంకొకసారి, నిదానంగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. గోడ గడియారం రెండూ పది చూపిస్తోంది. ఇవాళే ఆదివారం. మళ్ళీ ఆదివారానికి ఏడు రోజులు.